సైగ తాడు

“ఆరకు” అంటోంది ఆమె లాంతరుతో. పైకి వినపడేంత గట్టిగా కాదు, పెదవులు కదిలేంత.

లాంతరు బావిలోకి దిగుతోంది. దానికి కట్టిన తాడును ఆమె పిడికిలి తర్వాత పిడికిలిగా వదులుతోంది. అంతకుముందే ఆకులు దట్టంగా ఉన్న కొమ్మనొకదాన్ని అడుగుదాకా దించి, చాలాసేపు పైకీ కిందికీ ఆడించారు. రాత్రంతా కదలకుండా అడుగున పడుకున్న గాలిని లేపడానికి అది. కొమ్మ తర్వాత లాంతరు. అడుగున కూడా దీపం నిలబడితే మనిషి దిగొచ్చు. కొండెక్కిందా, ఆ పూటకి పని లేదు.

ఎండ ఇంకా పూర్తిగా రాలేదు. అయినా ఒడ్డున మట్టి అప్పుడే అరికాళ్ళకు వెచ్చగా తగులుతోంది. నిన్నటి వేడి దిగకుండానే మళ్ళీ తెల్లారింది.

దీపం గింజంత అయింది. తర్వాత చుక్కంత. ఒకచోట వణికింది. ఆమె చెయ్యి ఆగిపోయింది. వణికి వణికి మళ్ళీ నిటారుగా నిలబడింది దీపం.

“నిలబడిందిలే అమ్మా, వదులు. నువ్వట్లా గుడ్లురిమి చూస్తే ఆరకపోయేది కూడా భయపడి ఆరిపోద్ది” అన్నాడు కొడుకు, నడుముకు తాడు బిగించుకుంటూ.

“ఉండు. అడుగు తగలనీ” అంది ఆమె.

ఆమెను అందరూ తాడమ్మ అంటారు. అసలు పేరొకటి ఉంది గాని, ఆ పేరుతో పిలిచేవాళ్ళు ఒక్కొక్కరే పోయారు. బావులు లోతు చేసే ఆ చిన్న ముఠాలో ఆమె పని ఒకటే. కింద మనిషి నడుముకు కట్టిన సైగ తాడు రెండో కొసను పట్టుకుని పైన కూర్చోవడం. చూసేవాళ్ళకు అది పనిలా కనిపించదు. వెనకటికి ఒక రైతు అన్నాడు కూడా, ఊరికే కూర్చున్న మనిషికి కూడా కూలేంటని. అప్పటికి ఆమె మొగుడు బతికే ఉన్నాడు. “సరే అయ్యగారూ, ఆమె లేస్తుంది. మీరు కూర్చోండి. తాడు మీ చేతికిచ్చి నేను దిగుతా” అన్నాడు. ఆ రైతు బావిలోకి ఒకసారి తొంగి చూశాడు. మళ్ళీ ఆ మాటెత్తలేదు.

ఇప్పుడు దిగేది కొడుకు. మోకాళ్ళ కింద మచ్చలు, వీపు మీద రాళ్ళు గీరుకుపోయిన చారలు. పైనుంచి చూస్తే వాళ్ళ నాన్న నడినెత్తి ఎలా ఉండేదో అచ్చం అలాగే ఉంటుంది. బావిలోకి దిగేవాళ్ళను ఆమె ఎప్పుడూ పైనుంచే చూసింది. అందుకని మొహం కంటే నడినెత్తే ఆమెకు బాగా గుర్తు.

క్రేను దగ్గర కోడలూ, కోడలి అన్న బక్కోడూ ఉన్నారు. పేరుకి క్రేను గాని, అది మూడు ఇనప కాళ్ళు, ఒక గిలక, తీగ తాడు చుట్టుకునే ఒక పీపా, దాన్ని తిప్పడానికి రెండు పక్కలా రెండు పిడులు, ఒక బ్రేకు కర్ర. బక్కోడు అంటే బక్కగా ఉంటాడని కాదు. వాడు తలుపులో నిలబడితే ఇంట్లోకి వెలుగు రాదు. చిన్నప్పుడెప్పుడో పెట్టిన పేరు, వాడు ఎంత తిన్నా మారలేదు.

“దించుతున్నా బావా. చేతులు లోపల పెట్టుకో” అన్నాడు బక్కోడు.

కొడుకు ఇనప తొట్టిలో నిలబడ్డాడు. తొట్టి ఊగింది. తాడమ్మ తన చోట కూర్చుంది. ఎప్పుడో పంపు గొట్టం ఆనించడానికి వేసిన రాతి దిమ్మె ఒకటి, ఒడ్డు దాటి బావిలోకి జానెడు పొడుచుకొచ్చి ఉంది. అక్కడ కూర్చుంటే సైగ తాడు దేనికీ తగలకుండా తిన్నగా కిందికి వేలాడుతుంది. ఇంకెక్కడ కూర్చున్నా ఒడ్డుకు రాసుకుంటుంది. రాసుకునే తాడు అబద్ధాలు చెబుతుంది. కొత్త బావి దగ్గరికి వెళ్ళినప్పుడు మిగతావాళ్ళు క్రేను ఎక్కడ నిలబెట్టాలా అని చూస్తే, ఆమె తాను ఎక్కడ కూర్చోవాలా అని చూస్తుంది.

తాడు కొసన ఒక ఉచ్చు ఉంది. దాన్ని కుడి మణికట్టుకు తొడుక్కుని, ఒక చుట్టు అరచేతికి చుట్టుకుంటుంది. ఏళ్ళ తరబడి చెమట ఇంకి ఆ ఉచ్చు తోలులా గట్టిపడింది. చేతినుంచి తీసి పక్కన పెట్టినా ముడుచుకుపోదు.

తాడుకు భాష ఉంది. ఒక్క గుంజు అంటే బాగున్నాను అని. రెండు గుంజులు అంటే తొట్టి నిండింది, లాగండి. ఆగకుండా గుంజితే నన్ను పైకి తీయండి. ఇది ముఠాలో అందరికీ తెలిసిన భాష. ఆమెకు తెలిసింది ఇంకొంచెం ఎక్కువ. గునపం పడినప్పుడు తాడు ఒకలాగా అదురుతుంది, పారతో ఎత్తినప్పుడు ఇంకోలాగా లాగుతుంది. వాడు నడుం పట్టేసి నిలబడ్డాడా, నుదురు తుడుచుకుంటున్నాడా, కోపంగా ఉన్నాడా, అన్నీ వస్తాయి. అన్నిటికీ అడుగున, చెవికి కాక వేళ్ళకు మాత్రమే వినిపించే కదలిక ఒకటుంది. అది ఊపిరి. నడుముకు తాడు బిగించుకున్నవాడు గాలి పీల్చినప్పుడు తాడు ఒక వెంట్రుకంత బిగుస్తుంది, వదిలినప్పుడు సడలుతుంది. ఈ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. నవ్వుతారని.

తోట ఆసామి వచ్చాడు. పొట్టి మనిషి, తలకు తువ్వాలు. ఆయన తోటలోకి ఎప్పుడూ తిన్నగా రాడు. ప్రతి నిమ్మచెట్టు దగ్గరా ఆగి, గోటితో బెరడు గీరి, కింద పచ్చదనం ఉందా లేదా చూసుకుంటూ వస్తాడు. ఉన్నచోట ఏమీ అనడు. లేనిచోట ఆ చెట్టును ఒకసారి చేత్తో తట్టి ముందుకు నడుస్తాడు. ఇవాళ చాలాసార్లు తట్టాడు. ఆకులు నెమ్మదిగా చుట్టచుట్టుకుపోయి, కాయలు గోలీలంతవై రాలి, చెట్ల కింద నేల మీద నడిస్తే చిటపటమంటోంది. వరసగా వానలు మొహం చాటేసిన ఏళ్ళవి. ఊళ్ళో బోర్లన్నీ గాలి కక్కుతున్నాయి. ఆసామికి తాత తవ్వించిన ఈ బావి ఒక్కటే మిగిలింది. అడుగున చెంబు మునగదు.

“ఏమన్నా జాడ తెలుస్తోందా తాడమ్మా?” అని అడిగాడు.

ఆమె తల ఊపలేదు, తిప్పలేదు. తాడు చేతిలో ఉండగా ఆమె మాట్లాడదు. ముఠాలో అది అందరికీ తెలుసు. ఆసామికి కోడలు చెప్పింది. “వాళ్ళాయన పొద్దున్నే పని మొదలెట్టాడు బాబుగారూ, చూద్దాం” అంది. తన మొగుణ్నే ‘వాళ్ళాయన’ అనడం చూసి బక్కోడు కిసుక్కుమన్నాడు. కోడలు నాలిక కరుచుకుంది. తాడమ్మకు నవ్వు రాలేదు.

ఆమె భయపడుతోంది. ఇవాళ కొత్తగా కాదు. పెళ్ళై వచ్చిన మొదటి వేసవినుంచీ భయపడుతూనే ఉంది. భయం ఆమెకు ఒక కాలంలా వస్తుంది. నేల నెర్రెలిచ్చినప్పుడు మొదలవుతుంది, మొదటి వానకు పోతుంది. అప్పుడు ఆకలి మొదలవుతుంది. ఊళ్ళు ఎండితేనే వీళ్ళకు పని. వాన పడాలని కోరుకోవాలో వద్దో ఆమెకు ఎన్నడూ తేలలేదు.

మొదట్లో రాళ్ళు పడతాయని భయం. తర్వాత గాలి భయం. ఇద్దరు అన్నదమ్ముల ముఠా ఒకటి ఉండేది, వీళ్ళకు తెలిసినవాళ్ళే. లాంతరు వెయ్యకుండా తమ్ముడు దిగాడు. అడుగున కాలు పెట్టి, నిద్ర ముంచుకొచ్చినవాడిలా గోడకు జారబడ్డాడట. అరుపు లేదు, కేక లేదు. అన్న చూసి ఆగలేక దిగాడు. ఆమె వెళ్ళేసరికి ఇద్దరూ అడుగున పక్కపక్కన కూర్చున్నట్టే ఉన్నారు, మాట్లాడుకుని అలిసిపోయినవాళ్ళలా. అప్పటినుంచి ఆమె మొగుడు ఒక మాట పెట్టాడు. కింద మనిషి పడితే ఇంకో మనిషి దిగకూడదు. ముందు కొమ్మ, తర్వాత లాంతరు, ఆ తర్వాతే మనిషి. ఎవరైనా సరే. నేనైనా సరే.

కానీ అతన్ని బావి ఏమీ చేయలేదు. పని లేని వానాకాలంలో, ఇంట్లో, మంచం మీద జ్వరంతో పోయాడు. ఆ రోజు కూడా ఆమె అతని మణికట్టు పట్టుకునే కూర్చుంది. పట్టుకుని కూర్చోవడం తప్ప ఇంకేం చేయాలో ఆమెకు తోచలేదు. ఊపిరి ఎప్పుడు ఆగిందో ఇంట్లోవాళ్ళకంటే ముందు ఆమె వేళ్ళకు తెలిసింది.

రెండు గుంజులు. ఆమె ఎడమ చెయ్యి ఎత్తింది. బక్కోడూ కోడలూ పిడులు తిప్పారు. తొట్టి మొరంతో పైకి వచ్చింది, ఖాళీ అయి దిగింది. ఇలా పొద్దెక్కింది. ఆకాశం రంగు పోయి వెల్లవేసినట్టయింది. క్రేను కాలు నుంచి పక్క చెట్టుకు కట్టిన టార్పాలిన్ నీడ దిమ్మె మీద చాపలా పరుచుకుని ఉంది. పొద్దుటి పూటకు అది చాలు.

మధ్యాహ్నానికి కొడుకు పైకి వచ్చాడు. తడిమట్టి వాసన వేస్తున్నాడు. ఉచ్చు చేతినుంచి తీశాకే ఆమె కుండ దగ్గరికి వెళ్ళింది. కింద మనిషి ఉండగా పైన తాడు పట్టినవాళ్ళు నీళ్ళు ముట్టకూడదన్నది ముఠాలో పాత కట్టుబాటు. తడిచేతిలో తాడు జారుతుంది. అరచేయి తుడుచుకున్నా వేళ్ళకు ఆ సన్న కదలిక తెలియదు. ఆమె రెండు గ్లాసులు ఆగకుండా తాగి, మూడోది మొహాన కొట్టుకుంది.

మూటలు విప్పి తిన్నారు. మామూలుగా అయితే ఎండ చల్లారేదాకా ఇక పని లేదు. ఆసామి చెట్టు మొదట్లో గొంతుక్కూర్చుని వాళ్ళు తినడం అయ్యేదాకా ఆగాడు.

“ఎలా ఉందయ్యా కింద?”

“మట్టి చల్లగా తగుల్తోంది బాబూ. తూర్పు గోడ కింద మొరం మెత్తబడింది. తడి అక్కడే ఎక్కడో ఉంది” అన్నాడు కొడుకు.

ఆసామి కళ్ళు తోటమీదికి పోయాయి. “ఇవాళ తేలిపోతే బావుండును. ఒక్కో పూటకి ఒక్కో వరస పోతోంది నాకు.” ఆ మాట దీనంగా అనలేదు. తలుపు గడియ వేయడం మర్చిపోయానన్నట్టు మామూలుగా అన్నాడు.

“మళ్ళీ దిగుతాలే” అన్నాడు కొడుకు.

“వద్దు. పొద్దు వాలనీ” అంది తాడమ్మ.

“కింద చల్లగా ఉంటుందమ్మా. నీకు తెలీదు, నువ్వెప్పుడూ దిగలేదుగా. ఊరు మొత్తంలో చల్లటి చోటు ఇప్పుడదొక్కటే. నిజానికి మీరే ఇక్కడ మాడిపోతున్నారు.”

“బావ ఏసీ గదిలోకి పోతానంటే అడ్డం పడతావేంటత్తా” అన్నాడు బక్కోడు.

“ఆ గది తలుపులో నువ్వు పట్టవులేరా” అన్నాడు కొడుకు. కోడలు నవ్వింది. తాడమ్మ లేచి కొమ్మ అందుకుంది.

“పొద్దున వేశాంగా అమ్మా.”

“పొద్దుటిది పొద్దున అయిపోయింది.”

“ఈ ఎండకి లాంతరుకి కూడా వడదెబ్బ తగులుద్ది” అన్నాడు గాని, ఆమె కొమ్మ ఆడిస్తున్నంతసేపూ నిలబడ్డాడు. లాంతరు దిగింది. ఈసారి దీపం అడుగుకు చేరేముందు బాగా చిన్నదైంది. ఆమె తాడు వదలడం ఆపింది. కాసేపటికి దీపం సర్దుకుంది. ఆరలేదు. ఆరి ఉంటే బావుండునని ఒక్కసారి అనిపించిందామెకు. వాడు పైన ఉండేవాడు.

కొడుకు దిగాడు.

నీడ జరగడం అప్పటికే మొదలైంది. సూర్యుడు అవతలికి వాలేకొద్దీ టార్పాలిన్ నీడ దిమ్మెను వదిలి, పక్కనున్న మట్టిదిబ్బ మీదికి పాకింది. ఆమె సగం వీపు ఎండలో ఉంది. రాయి పెనంలా కాలుతోంది. గోనెసంచి మడతపెట్టి కింద వేసుకుంది.

గునపం పడుతోంది. ఆగుతోంది. పడుతోంది. తర్వాత ఆగిపోయింది.

ఆగడం కొత్త కాదు. మనిషన్నాక ఆగుతాడు. ఆమె ఊపిరి కోసం వేళ్ళు వదులు చేసి చూసింది. లేదు. తాడు బిగుతుగానే ఉంది, కానీ అందులో ఏమీ లేదు. ఒకసారి గుంజింది. జవాబు రాలేదు. మళ్ళీ గుంజింది. చెట్టు మొద్దుకు కట్టిన తాడును గుంజినట్టుంది. అటు మనిషి లేడు.

ఆమె బావి మీదికి వంగింది.

“ఒరేయ్” అని పిలిచింది. బావి ఆ పిలుపును తీసుకుని గుండ్రంగా తిప్పి మళ్ళీ ఆమెకే ఇచ్చింది.

తాడు చేతిలో ఉండగా తాడమ్మ గొంతు వినడం కోడలికి అదే మొదటిసారి. పరుగున ఒడ్డుకు వచ్చింది. బక్కోడు బోర్లా పడుకుని తొంగిచూశాడు. “కనపడట్లేదత్తా. పార ఉంది. తొట్టి ఉంది. మనిషి లేడు.”

“ఏమండీ” అని అరిచింది కోడలు. “అన్నా, నన్ను దించు. నేను దిగుతా. దించన్నా.”

“దిగొద్దు” అంది తాడమ్మ.

“అత్తయ్యా, ఆయన…”

“ఎవరూ దిగొద్దు. లాంతరు వెలిగించు.”

ఆ మాట తన నోటినుంచే వచ్చిందని ఆమెకు తెలుసు. కడుపున పుట్టినవాడు అడుగున పడి ఉండగా, వాడి పెళ్ళాన్ని చెయ్యి అడ్డంపెట్టి ఆపి, అగ్గిపుల్ల గీయమంటోంది. కోడలు ఆమె వైపు చూసిన చూపు అగ్గిపుల్లకంటే ఎక్కువ కాల్చింది. ఆమె చెయ్యి తీయలేదు. రెండో చేత్తో తాడు వదల్లేదు. కోడలి చేతుల్లో పుల్లలు విరిగిపోతున్నాయి. ఒకటి విరిగింది, ఇంకొకటి విరిగింది.

“ఏంటమ్మా గోల?” అంది బావి.

తూర్పు గోడ కిందనుంచి నడినెత్తి బయటికి వచ్చింది. మొహమంతా బురద. పళ్ళు మాత్రం తెల్లగా కనిపిస్తున్నాయి. గోడ కింద మొరం తవ్వేసరికి గూడులా అయిందనీ, అందులోకి దూరి చేత్తో తోడుతుంటే నడుముకున్న తాడు అడ్డం పడుతోందనీ, విప్పి గునపానికి కట్టి పాతాననీ చెప్పాడు. “చల్లగా ఉందమ్మా అక్కడ. మొహం ఆనిస్తే ప్రాణం లేచొచ్చింది. కాసేపు అట్లాగే పడుకున్నా.”

కోడలు కింద కూలబడి మొగుణ్ని నానా మాటలూ తిట్టింది. బక్కోడు కూడా ఒక చెయ్యి వేశాడు. “నీ గునపం మహా బుద్ధిమంతురాలు బావా. ఎంత గుంజినా కిమ్మనలేదు” అన్నాడు.

తాడమ్మ తిట్టలేదు.

“నడుముకు కట్టుకో” అంది.

“కట్టుకున్నా.”

“గుంజు.”

ఒక్క గుంజు వచ్చింది. దాని వెనకే ఊపిరి. పరుగెత్తి వచ్చినవాడిదిలా కొంచెం తొందరగా.

“అమ్మా, నువ్వు నీడకి జరుగు. ఇంక విప్పన్లే. ఒట్టు” అన్నాడు కిందనుంచి. గొంతులో తప్పు చేసిన చిన్నపిల్లాడున్నాడు.

ఆమె జరగలేదు. ఇంతకుముందు అయితే జరిగేదేమో. ఒడ్డుకు కాస్త రాసుకున్నా పోనీలే అని నీడ వెంట మూరెడు కదిలిన రోజులున్నాయి. ఇవాళ చచ్చినా కదలదు. ఉచ్చు మణికట్టు మీద బిగించింది. అరచేతికి ఒక చుట్టు చాలదని ఇంకో చుట్టు చుట్టింది. కాళ్ళు వణుకుతున్నాయి. వణుకు తాడులోకి పోతే వాడికి భయం తెలుస్తుందని మడమను రాతి పగులులో దూర్చి నొక్కిపెట్టింది.

కోడలు వచ్చి నీళ్ళ గ్లాసు ఆమె పెదవుల దగ్గర పెట్టింది. ఇందాకటి చూపుకు క్షమాపణలాగా ఉంది ఆ రావడం. “నేను తాగిస్తా అత్తయ్యా. మీ చెయ్యి తడవదు.”

ఆమె తల అడ్డంగా ఊపింది. గడ్డం మీదినుంచి కారే చుక్క ఎక్కడ పడుతుందో ఎవరు చూడొచ్చారు. వాడు వచ్చాక తాగొచ్చు. కోడలు గ్లాసులో నీళ్ళతో చీర కొంగు తడిపి, గ్లాసును కుండ మీద బోర్లించి, కొంగు ఆమె నెత్తిన పిండబోయి, తాడు గుర్తొచ్చి ఆగిపోయి, క్రేను దగ్గరికి వెళ్ళిపోయింది.

ఎండ అప్పుడు అసలు రూపానికి వచ్చింది. పైనుంచి పడేది కాదు అది, అన్నివైపులనుంచీ నెట్టేది. క్రేను పిడులు ముట్టుకోలేక బక్కోడు గుడ్డలు చుట్టుకున్నాడు. కాకి ఒకటి నిమ్మకొమ్మ మీద నోరు తెరుచుకుని కూర్చుంది. దాని మెడ దగ్గర ఈకలు ఎగిరెగిరి పడుతున్నాయి. ఆసామి చెట్ల మధ్య తిరగడం మానేసి నేలమీద కూర్చుండిపోయాడు.

ఆమెకు చెమట కారి కారి కళ్ళలోకి దిగింది. తుడుచుకోలేదు. తర్వాత కారడం ఆగింది. మొహం మీద ఉప్పు గరగరలాడింది. ఇంకాసేపటికి మెడ వెనక చల్లగా తగిలింది. గాలి తిరిగిందనుకుంది. ఎదురుగా నిమ్మచెట్లు చూసింది. ఆకు కదలడం లేదు. అయినా చల్లగానే ఉంది. ఒంటిమీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. సాయంత్రం అవుతోంది కాబోలు, మంచిదే అనుకుంది.

నాలుక నోట్లో పట్టడం లేదు. కోడల్ని పిలుద్దామా అనుకుంది. పిలిస్తే తాడు ఎవరికివ్వాలి? వాళ్ళిద్దరి చేతులూ పిడుల మీద ఉన్నాయి. పైగా వాళ్ళకు గుంజులు తెలుసు గాని ఊపిరి తెలియదు. ఇప్పుడు చెప్పి నేర్పే సంగతి కాదు. వాడు పైకి వచ్చాక చెప్పాలి కోడలికి. నవ్వితే నవ్వనీ.

వేళ్ళు తనవి కానట్టు దూరంగా ఉన్నాయి. కానీ ఊపిరి తెలుస్తూనే ఉంది. వస్తోంది, పోతోంది. గునపం దెబ్బలు పడుతున్నాయి. రెండు మూడు దెబ్బలు వేసి ఆగుతున్నాయి. కొడుకు అలా ఆగడు. మొండిగా కొట్టుకుంటూ పోతాడు. ఆగి, చేతిలో ఉమ్ముకుని, మళ్ళీ ఎత్తేవాడు మొగుడు. అతనెప్పుడు దిగాడు? లాంతరు వేశామా? వేశాం. దీపం నిలబడింది. తాను కళ్ళారా చూసింది.

ఆమె ఒక్కసారి గుంజింది.

కిందనుంచి ఒక్క గుంజు వచ్చింది. బాగున్నాను అని.

ఆమెకు కావలసింది అంతే.

కింద కొడుకు నిజంగానే దెబ్బ దెబ్బకీ ఆగుతున్నాడు. గునపం లాగిన ప్రతి బొక్కలోనూ మట్టి రంగు మారుతోంది, ఆగి వేలు పెట్టి చూస్తున్నాడు. ఆఖరికి వేలు పెడితే వేలు తడిసింది. ఆ బొక్కలోంచి, ఏడవాలా వద్దా అని ఆలోచిస్తున్న కంట్లోలాగా, నీళ్ళు ఊరి అంచున నిలబడ్డాయి. తర్వాత దారమంత జారాయి. అతను అరవలేదు. బావిలో అరిస్తే పెళ్ళలు ఊడతాయని నాన్న చెప్పాడు. తడి మొరం తొట్టి నిండా ఎత్తి, ఆత్రంలో తాడు గుంజడం మరిచి, కిందనుంచి “లాగండి” అని మాత్రం పిలిచాడు. ఆ గొంతును బట్టే పైనవాళ్ళకు తెలిసిపోయింది.

ఆసామి తొట్టి దగ్గర మోకాళ్ళ మీద కూలబడ్డాడు. తడి మొరం రెండు చేతుల్లోకి తీసుకుని మొహానికి అద్దుకున్నాడు. ఆయన భుజాలు కదులుతుంటే బక్కోడు తల తిప్పుకుని గిలకకేసి చూశాడు.

కోడలు గుప్పెడు తడి మొరం తెచ్చి తాడమ్మ పక్కన దిమ్మె మీద పెట్టింది. “తడి తగిలింది అత్తయ్యా” అంది. తాడమ్మ ఎప్పట్లాగే తల వంచుకుని బావిలోకి చూస్తోంది. తాడు చేతిలో ఉన్న మనిషి మాట్లాడదు. కోడలు మళ్ళీ వెళ్ళి బ్రేకు పట్టుకుంది.

కింద కొడుకు సైగ తాడును ఒకసారి గుంజాడు. చూశావా అమ్మా అన్నట్టు. జవాబు రాలేదు. ఇంకోసారి గుంజాడు. తాడు బిగుతుగానే ఉంది, గుంజినకొద్దీ గట్టిగానే ఆనుతోంది. అతనికి నవ్వొచ్చింది.

“అమ్మా, నాకు బుద్ధొచ్చిందిలే” అన్నాడు పైకి చూసి. “నువ్వు కూడా క్రేను కాలికి కట్టేసి నీడకి పోయావా? పోతే పోయావు, మంచి పని చేశావు.”

పైన వెలుగు గుండ్రంగా ఉంది. దాని అంచున ఆమె తల నల్లగా కనిపిస్తోంది. ఎక్కడికీ పోలేదు.

అతను తాడు మీద అరచెయ్యి వేశాడు. ఇన్నేళ్ళలో ఆ తాడును అతను గుంజాడే గాని పట్టుకుని చూడలేదు. కాసేపు అలా నిలబడ్డాడు. కాళ్ళ కింద నీళ్ళు చల్లగా పాకుతున్నాయి. తాడులో ఎప్పుడూ ఏదో ఉండేదని, ఇప్పుడు లేదని, లేనప్పుడే అతనికి తెలిసింది. ఇందాక తాను గునపానికి కట్టినప్పుడు అమ్మ చేతికి ఏం తగిలిందో కూడా తెలిసింది.

ఆగకుండా గుంజసాగాడు.

పైన ఆ గుంజులు చూసేవాళ్ళు లేరు. తాడమ్మ చెయ్యి ఆ లాగుడికి లేచి పడుతుంటే, ఏదో చెబుతోందని కోడలు అటు చూసింది. అప్పుడు గాని అర్థం కాలేదు.

అతను పైకి వచ్చేసరికి ఆమెను నీడలోకి చేర్చి ఉన్నారు. కుండలో నీళ్ళన్నీ బక్కోడు ఆమె తలమీదా గుండెమీదా పోశాడు. మధ్యాహ్నం తర్వాత ఆమె ముట్టని నీళ్ళు. ఒళ్ళు మాత్రం పొయ్యిమీదినుంచి దించిన గిన్నెలా కాలుతూనే ఉంది. పగులులో ఇరికించిన మడమ బయటికి రావడానికి చాలాసేపు పట్టిందని కోడలు చెప్పింది. చెబుతూ అరచేతికున్న రెండు చుట్లూ విప్పింది. మణికట్టు మీది ఉచ్చును చేతివేళ్ళన్నీ ఒక్కచోటికి దగ్గరగా మడిచి, గాజు తీసినట్టు మెల్లగా లాగింది.

కొడుకు పక్కన కూర్చుని ఆమె మణికట్టు పట్టుకున్నాడు. అతని వేళ్ళకు ఏమీ తగల్లేదు. ఎవరూ వదలమనలేదు.

ఆసామి తలమీది తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. బండి తెస్తానని వెళ్ళాడు. పొద్దు వాలాక ఆమెను అందులో ఎక్కించి నలుగురూ నడిచి వెళ్ళారు. క్రేను, తొట్టి, గునపం ఎక్కడివక్కడే ఉన్నాయి. అడుగున నీళ్ళు పార పిడిదాకా వచ్చి ఇంకా ఊరుతూనే ఉన్నాయి. దిమ్మె మీద కోడలు పెట్టిన గుప్పెడు మొరం ఆరి తెల్లబడింది. దాని పక్కన తాడు కొస పడి ఉంది. ఉచ్చు ముడుచుకుపోలేదు, ఒక మణికట్టంత గుండ్రంగా తెరుచుకునే ఉంది.